సెలవు తీసుకోని సేవకురాలు

ఇంటి నుంచి,
జూన్ 9

అత్తయ్యకు మీ మేనకోడలి వందనాలు.

ఫోన్ చేస్తే మీకు వినపడదు, మెసేజ్ పెడితే మీరు చూడరు. అందుకని నాన్న పెన్ను కొట్టేసి రాస్తున్నాను. దస్తూరి చూసి నవ్వకండి. ల్యాబ్‌లో రోజంతా రక్తం సీసాల మీద నంబర్లు వేసీ వేసీ అక్షరాలు మర్చిపోయాను.

పాస్టరుగారు మన సంఘంలోని యవ్వనస్థుల కూటమిని తెచ్చి నా నెత్తిన పెట్టారు. పన్నెండు మంది. శిష్యుల లెక్క సరిపోయింది, యూదా ఎవరో ఇంకా తేలలేదు. ఆదివారం మధ్యాహ్నం వస్తారు, బాగా పాడతారు, బిస్కెట్లు ఇంకా బాగా తింటారు, వెళ్లిపోతారు. మిషనరీ సేవ అంటే వీళ్లకి ఏడాదిలో ఒక్క ఆదివారం. గోడ మీద ప్రపంచ పటం, దాని మీద గుండుసూదులతో గుచ్చిన ఫోటోలు. ఆ రోజు పటం ముందు నిలబడి కన్నీళ్లతో ప్రార్థన చేస్తారు. సోమవారానికి అంతా మామూలే. తప్పు వాళ్లది కాదు. ఎక్కడో ఎవరో చేసే పనికి ఇక్కడ మనం కళ్లు మూసుకుంటే చాలని నేర్పింది పెద్దవాళ్లమే.

అన్నట్టు, మీ ఫోటో కింద ఎవరో 'ప్రభువునందు నిద్రించారు' అని రాశారు. చెరిపేశాను. పదకొండేళ్లుగా మీరు ఈ ఊరి మొహం చూడకపోయేసరికి పోయారనుకున్నారట.

ఉద్యోగాలు మానకుండా, చదువులు పాడు చేసుకోకుండా, రోజూ మిషనరీలా బతకడం ఎలాగో వీళ్లకి ఎలా నేర్పాలి అత్తయ్యా? ఉపన్యాసం మాత్రం వద్దు. వాటికి వీళ్లు రాటుదేలిపోయారు. రేపు పొద్దున లేచి చేసే పని ఒకటి చెప్పండి.

మీ మేనకోడలు


విశ్రాంత నర్సుల నివాసం, ఏడో గది
జూన్ 20

అమ్మడూ,

నేను నిద్రించలేదు. మధ్యాహ్నం కాసేపు కునుకు తీస్తాను, అంతే. ఆ మాట రాసినవాళ్లు ఎవరో గానీ తొందరపడొద్దని చెప్పు.

ఓడెక్కి దీవికి బయలుదేరినప్పుడు, దూరం వెళ్లడమే సేవ అని నేనూ అనుకున్నాను. అక్కడ జ్వరాల ఆసుపత్రిలో చేరాక తెలిసింది, వార్డులో చివరి మంచం దాకా నడవడమే అసలు సేవ అని. మొదటి నాలుగు మంచాల దగ్గర అందరూ ఆగుతారు. చివరిదాని దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పీకుతాయి, టీ వేళవుతుంది, ఆ రోగి నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు. ముప్పై ఏళ్లలో నేను నేర్చుకున్నది ఆ ఒక్కటే.

నీ పిల్లలకి ఈ పని చెప్పు. ఒక్కొక్కరూ ఒక తలుపు ఎంచుకోవాలి. రోజూ వెళ్లే దారిలోదే కావాలి, ఎప్పుడూ తెరిచి ఉండగా చూడనిది కావాలి. నలభై రోజులపాటు రోజూ ఆ తలుపు తట్టి పలకరించాలి. కరపత్రాలు తోయొద్దు, ప్రసంగాలు చేయొద్దు. లోపల ఎవరున్నారు, వాళ్లకేం కావాలి, అది తెలుసుకుంటే చాలు. మిగతాది ప్రభువు చూసుకుంటాడు.

ఒక్క నియమం. లోపల్నించి ఎవరైనా పలికారా, ఇక వదిలి రాకూడదు. వంద పనులున్నా సరే.

ఏం జరిగిందో రాస్తూ ఉండు. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్లు తక్కువ, మాట్లాడినా నాకు వినపడదు.

అత్తయ్య


ల్యాబ్, విరామం గది
జూలై 14

అత్తయ్యా,

మీ మందు పనిచేసింది. మా కూటమిలో లిఫ్టులు బాగుచేసే కుర్రాడున్నాడు, పొడుగని అందరూ 'నిచ్చెన' అంటారు. వాడు తట్టిన తలుపు వెనకాల ఒకాయన ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాడట. నిద్ర చెడగొట్టినందుకు మూడు రోజులు బండబూతులు తిట్టాడు. నాలుగో రోజు తలుపు గడియ పట్టేసి తనే లోపల ఇరుక్కుపోతే వీడే విప్పాడు. ఇప్పుడిద్దరూ కలిసి టీ తాగుతున్నారు. టీచర్లు చేసే అక్కాచెల్లెళ్లకి మెట్లు దిగలేని ఒక ముసలమ్మ దొరికింది. ఒకడికి కుక్క దొరికింది. దాన్ని కూడా పలకరిస్తున్నాడు, ఏం చేస్తాం.

ఇక అసలు సంగతి. మా గుంపులో నోరు విప్పని పిల్ల ఒకతి ఉంది, 'గుసగుస' అంటాం. సంఘ పెద్దగారి ఫోటో స్టూడియో భవనంలో, రెండో అంతస్తు లాండ్రీలో పనిచేస్తుంది. లాండ్రీ దాటాక నడవ చివర ఒక ఆకుపచ్చ తలుపుంది. బయటివైపు పిడి లేదు, తాళం కప్ప లేదు, పిడి ఉండాల్సిన చోట కూడా రంగు పూసేశారు. రెండేళ్లుగా దాని ముందునుంచే పోతున్నా ఎప్పుడూ పట్టించుకోలేదట. దాన్నే ఎంచుకుంది.

ఆరో రోజు సాయంత్రం అయిదున్నరకి, పని దిగి, మామూలుగా మూడుసార్లు తట్టింది. లోపల్నించి మూడు వినపడ్డాయి. కాస్త ఆగి, ఇంకొకటి.

మర్నాడు నేనూ వెళ్లాను. నిజం అత్తయ్యా. మూడు తడితే మూడు, కాస్త ఆగి ఒకటి. ఎవరండీ అని పిలిస్తే మాట లేదు. వింత ఏంటంటే, ఆ చప్పుడు మనిషి నిలబడే ఎత్తులోంచి రాలేదు. నేలకి జానెడు ఎత్తులోంచి వచ్చింది.

కిందికెళ్లి పెద్దగారిని అడిగితే, "అది పాత తెరలు పెట్టే గది అమ్మా, ఎలుకలు చేరాయి" అన్నారు నవ్వుతూ. నాతో వచ్చిన నిచ్చెన బయటికొచ్చాక, "ఎలుకలకి లెక్కలు రావు కదక్కా" అన్నాడు. అప్పుడెవరూ నవ్వలేదు.

ఏం చేయమంటారు?

మీ మేనకోడలు


ఏడో గది
జూలై 22

అమ్మడూ,

ఆ తలుపు వదిలేయండి. ఆ పిల్లని వేరే తలుపు చూసుకోమను. పెద్దాయన ఖాళీ గది అన్నాడుగా, ఖాళీ గదే అయి ఉంటుంది. పాత భవనాల్లో రకరకాల చప్పుళ్లు వస్తాయి.

ఆయనతో మళ్లీ ఈ మాటెత్తకు.

ఇక్కడ వానలు. చేతి వేళ్లు సహకరించడం లేదు, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

అత్తయ్య


ఇంటి నుంచి,
ఆగస్టు 11

అత్తయ్యా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పలికితే వదిలి రాకూడదన్నది మీరే, వదిలేయమంటున్నదీ మీరే. గుసగుసకి ఏం చెప్పాలో తెలియలేదు. ఉత్తరం ఆమె చేతికే ఇచ్చాను. చదివి మడిచి తిరిగిచ్చి, "పాపం, అత్తయ్యగారికి భయమేసింది" అంది. రోజూ వెళ్తూనే ఉంది.

నిన్న మిషనరీ ఆదివారం జరిగింది. ఏటా లాగే పెద్దగారు వాళ్ల అక్కగారి ఉత్తరం చదివారు. ఆవిడ మీకు తెలిసే ఉంటుంది, మీ దీవిలోనే కదా సేవ చేస్తున్నారు. పదకొండేళ్లుగా ఒక్కసారి కూడా సెలవు తీసుకుని రాలేదు. 'సెలవు తీసుకోని సేవకురాలు' అని పాస్టరుగారు ప్రతి ఏడూ ఆవిడని పిల్లలకి ఆదర్శంగా చూపిస్తారు. ఆ ఉత్తరాలు విని మన సంఘం నుంచి ముగ్గురు సేవకి సమర్పించుకుని వెళ్లారు. నిన్నటి ఉత్తరంలో ఇలా ఉంది: "ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. సముద్రం ఎదురుగానే ఉంటుంది. సాయంత్రం నా దగ్గరికి ఎవరో ఒకరు వస్తారు." అందరూ ఆమెన్ అన్నారు.

తర్వాత కొత్త ఫోటో పటానికి గుచ్చారు. నేను దగ్గరగా వెళ్లి చూశాను. ఒడ్డున ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. వెనక చెట్టు గాలికి విల్లులా వంగి ఉంది. ఆవిడ జుట్టు మాత్రం ఒక్క పోగు కూడా కదల్లేదు. దాని కింద ఉన్న కిందటేటి ఫోటో చూశాను. అదే చెట్టు, అదే వంపు. అలలు కూడా లెక్కపెట్టాను. పదకొండు ఫోటోల్లోనూ ఏడే అలలు ఉన్నాయి, ఏడూ ఒక్కచోటే ఉన్నాయి.

నా పక్కనే గుసగుస నిలబడి ఉంది. "అక్కా, సముద్రం మీద మడత ఉంది చూడు" అంది మెల్లగా. నిజంగానే ఆకాశం నుంచి నీళ్ల దాకా నిలువుగా ఒక మడత ఉంది.

మీకేదో తెలుసు. దయచేసి రాయండి.

మీ మేనకోడలు


ఏడో గది
ఆగస్టు 19

అమ్మడూ,

రాస్తున్నాను. చదివాక నన్ను అత్తయ్యా అని పిలవాలో వద్దో నువ్వే తేల్చుకో.

ఆవిడా నేనూ ఒకే ఓడలో వెళ్లాం. ఒకే వార్డు, ఒకే గది, ఒకే దుప్పటి పంచుకున్న రోజులూ ఉన్నాయి. జ్వరాలు ముదిరిన ఏడాది మమ్మల్ని పక్కపక్క గదుల్లో విడిగా పెట్టేవాళ్లు. మాట్లాడుకోవడానికి లేదు. గోడ మీద తట్టుకునేవాళ్లం. మూడు తడితే 'మెలకువగా ఉన్నావా' అని. ఒకటి తడితే 'ఉన్నాను' అని. అలా ఇద్దరం బతికి బయటపడ్డాం. నా చెవులు అప్పుడే పోయాయి. ఆవిడకి కాళ్లు పడిపోయాయి, మనసు చెదిరిపోయింది. మాట మానేసింది, తట్టడం మిగిలింది.

పదకొండేళ్ల కిందట నేనే ఆవిడని ఓడలో తీసుకొచ్చి ఆవిడ తమ్ముడికి, అదే మీ పెద్దగారికి, అప్పగించాను. ఆ స్టూడియో పైన, ఆకుపచ్చ తలుపున్న గదిలో. అప్పుడు దానికి పిడి ఉండేది. పిచ్చిదై తిరిగొచ్చిందని తెలిస్తే సంఘం గుండె పగిలిపోతుంది, కోలుకునేదాకా ఇంకా దీవిలోనే ఉందని చెబుదాం అన్నాడు. నేను సరేనన్నాను. సరేనని దీవికి తిరిగి వెళ్లిపోయాను. రెండేళ్లకి ఆయన దగ్గర్నించి ఉత్తరం వచ్చింది, అక్క పోయింది, ఎవరికీ తెలియకుండా సమాధి చేశాను అని. సమాధి ఎక్కడని కూడా నేను అడగలేదు. అడిగితే నా వంతు అబద్ధం బయటపడుతుందని భయం. అందుకే ఆ ఊరికి మళ్లీ రాలేదు.

నువ్వు ఆ తట్టడం గురించి రాసినప్పుడు, చచ్చిపోయిన మనిషి తడుతోందని అనుకున్నాను. నర్సుని, ఇన్ని చావులు చూసినదాన్ని, దుప్పటి ముసుగేసి పడుకున్నాను. ఇప్పుడు నీ ఉత్తరం చూశాక అర్థమైంది, పోయిందన్న మనిషికి ఏటా కొత్త ఫోటో తీస్తున్నాడంటే ఆవిడ బతికే ఉంది. అది దయ్యమైతే బాగుండేది.

ఆవిడ మూడు తట్టి, జవాబు రాక, ఆ ఒకటి కూడా తనే తట్టుకుంటోంది.

ఈ కాగితం తీసుకెళ్లి ఆయనకి చూపించు. పాస్టరుగారిని వెంటబెట్టుకెళ్లు. ఆలస్యం చేయకు.

అత్తయ్య


ఇంటి నుంచి,
సెప్టెంబర్ 2

అత్తయ్యా,

అత్తయ్యా అనే పిలుస్తాను. కోపం ఉంది, దాన్ని తర్వాత చూసుకుందాం.

పాస్టరుగారు, నిచ్చెన, నేను స్టూడియోకి వెళ్లాం. గుసగుస, మిగతా పిల్లలు పైన నడవలో ఆకుపచ్చ తలుపు దగ్గర ఉన్నారు. పెద్దగారు లెన్స్ తుడుచుకుంటున్నారు. మీ కాగితం చదివారు. చదివి, అదే గుడ్డతో కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వస్తారనుకున్నాను" అన్నారు. "సంఘం పిల్లలొస్తారని మాత్రం అనుకోలేదు."

ఫోటోలు కడిగే చీకటి గదిలోంచి లోపలికి మెట్లున్నాయి. ఆయన ముందు, మేం వెనక. పైన ఒక మామూలు గది అత్తయ్యా, శుభ్రంగా ఉంది. మంచం, నీళ్ల కూజా, ఉతికిన దుప్పటి. మూడు గోడల నిండా సముద్రం. స్టూడియోలో ఫోటోలకి వేలాడదీసే తెర అది. వంగిన చెట్టు, ఏడు అలలు, నిలువు మడత. పదకొండేళ్లు మనం ఏ దీవి కోసం ప్రార్థన చేశామో ఆ దీవి మధ్యలో నిలబడ్డాం.

ఆవిడ మంచం మీద లేరు. మాకు వీపు పెట్టి, తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది, నున్నగా దువ్వి ఉంది. మంచం దగ్గర్నించి తలుపు దాకా నేల అరిగి అద్దంలా మెరుస్తోంది. రోజూ పాక్కుంటూ వెళ్లిన దారి అది.

అప్పుడే బయట గుసగుస మూడుసార్లు తట్టింది. మీ ఉత్తరంలోని తట్టుడు లెక్క ఆ పిల్లకి ముందే చెప్పాను, తట్టి ఆగింది. ఆవిడ చెయ్యెత్తి మూడు తట్టారు. ఈసారి బయట్నుంచి ఒకటి వచ్చింది. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తనది కాని ఆ ఒక్క చప్పుడు విని అలా ఎంతసేపు ఉండిపోయారో చెప్పలేను. 

"మొదట్లో దీవికి పంపించమని సైగలతో గోల చేసేది" అన్నారు పెద్దగారు. "తలుపుకేసి తల కొట్టుకునేది. ఒకరోజు ఆ తెర తెచ్చి కట్టి, దీవికి వచ్చేశాం అక్కా అన్నాను. శాంతించింది. ఆ శాంతి చూసి ఫోటో తీశాను, తన పేరున ఉత్తరం కూడా నేనే రాశాను. ఆ ఫోటో చూసి సంఘమంతా ఏడ్చింది. ఆ ఏడాదే ఒక కుర్రాడు సేవకి లేచాడు. ఇక ఎలా ఆపను?"

"మా అత్తయ్యకి ఆవిడ చనిపోయిందని ఎందుకు రాశారు?"

"మీ అత్తయ్య ఒక్కతే వచ్చి చూడగలిగిన మనిషి కదమ్మా."

"రోజూ ఆ తట్టడం మీకు వినిపించలేదా?"

"మొదటి ఏడాది వినిపించింది" అన్నారు.

ఒక్కపూట పస్తు పెట్టలేదు ఆయన. రోజూ తనే తల దువ్వేవాడట. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

మా ల్యాబ్ డాక్టరుగారు వచ్చి చూశారు. రూలు ప్రకారం రిపోర్టు రాశారు, అధికారులు వచ్చి వాంగ్మూలం తీసుకున్నారు. ఆ విచారణ నడుస్తోంది. ఆదివారం పెద్దగారు తనంతట తనే లేచి సంఘం ముందు అంతా చెప్పారు. కొందరు మధ్యలోనే వెళ్లిపోయారు. సేవకి వెళ్లిన ముగ్గురికీ నేనే రాశాను. ఒకాయన తిరిగి వచ్చేస్తున్నాడు. ఒకామె, "ఇక్కడ మందులు లేవు, వీలైతే పంపండి" అని మాత్రం రాసింది. మూడో మనిషి ఇంకా పలకలేదు.

మీ పక్క గది ఖాళీగా ఉందని, ఆవిడని అక్కడికి పంపమని డాక్టరుగారికి రాశారట. పంపుతున్నాం. గుసగుస లాండ్రీలో నెల రోజులు సెలవు పెట్టి తోడు వస్తోంది. ఎవరూ అడగలేదు, తనే అంది. మాటలు తక్కువ, చూసుకోండి.

మీ మేనకోడలు


ఏడో గది
అక్టోబర్ 6

అమ్మడూ,

వచ్చారు. పడక కుదిరింది, తిండి తింటోంది. నువ్వు పంపిన పిల్ల మనసున్న పిల్ల. పొద్దున్నే ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి వరండాలోకి తెస్తుంది. ఇద్దరూ మాట్లాడరు, నాకు వినపడదు. మా ముగ్గురికీ బాగానే కుదిరింది.

వారం రోజులు నన్ను గుర్తుపట్టలేదు. నిన్న సాయంత్రం వరండాలో పక్కన కూర్చుని ఆవిడ గోళ్లు తీస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. పెదాలు కదిలాయి. నేను పెదాలు చూసే మాటలు పట్టుకుంటాను కదా, ఏదో భ్రమ అనుకున్నాను. కానీ నీ పిల్ల కూడా లేచి నిలబడింది. అంటే గొంతు వచ్చిందన్నమాట. పదకొండేళ్ల తర్వాత.

"ఓడ వచ్చిందా?" అంది.

రాలేదు, వస్తుంది అని చెప్పేస్తే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. ఆవిడ తమ్ముడు మొదటిరోజు ఎలా అబద్ధమాడాడో అప్పుడు అర్థమైంది నాకు. అంత తేలిక.

"ఓడ లేదు" అన్నాను. "మనం దీవి నుంచి వచ్చేసి పదకొండేళ్లయింది. నిన్ను తెచ్చి ఆ గదిలో వదిలింది నేనే. అది దీవి కాదు, మన ఊరే."

అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను.  నా మొహంలోకి చూస్తూ నెమ్మదిగా, నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

"అయితే తలుపు బయట నడిచింది మనవాళ్లేనా?"

"మనవాళ్లే."

"దీవి మనుషులేమో, నా భాష తెలియదేమో అనుకున్నాను. మనవాళ్లయితే మరి అన్నేళ్లు ఎవరూ పలకలేదేం?"

 గోళ్లు తీయడం పూర్తి చేశాను అమ్మడూ. ఆవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఈ ఆదివారం నీ పిల్లల్ని కూర్చోబెట్టి ఆ ప్రశ్న చదువు. తర్వాత ప్రసంగం చేయకు.

అత్తయ్య